అరవై నాలుగో మనిషి

విద్లోవ్ ఊరి చివర, ప్లమ్ తోటలు దాటాక, వాగు ఒడ్డున ఒక రాతి గిడ్డంగి ఉంది. పగటిపూట చూస్తే అందులో ఏమీ లేదు. పావురాలు, ఒక విరిగిన బండి చక్రం, పైన ఎప్పటిదో చెక్క అటక, అంతే. పొద్దుగుంకితే మాత్రం ఆ దారిన కుక్క కూడా పోదు. అందులోనూ నవంబరు పద్దెనిమిది రాత్రి... మా ఊరి తాగుబోతులే తెలివి తెచ్చుకుని చుట్టుదారిన ఇల్లు చేరతారు.

ఎందుకంటే ఆ రాత్రి అక్కడ హాజరు పిలుస్తారు.

పిలిచేది రెండొందల ఏళ్ల కిందటి పటాలం గుమాస్తా. ఫ్రెంచి సేన తరుముకొస్తుంటే ఆస్ట్రియావాళ్ల పటాలం ఒకటి ఆ గిడ్డంగిలో ఒక రాత్రి తలదాచుకుందట. తెల్లారకముందే బయల్దేరమని కెప్టెన్ కేకలేస్తే, గుమాస్తా తల ఎత్తకుండా, లెక్క కుదరట్లేదు, మీరు పదండి, వెనకే వస్తా అన్నాడట. అంతే. ఆ తర్వాత అతన్ని చూసినవాడు లేడు. అతను రాస్తున్న హాజరు పట్టీ మాత్రం గడ్డిలో దొరికింది.

అప్పట్నుంచీ ఏటా ఆ రాత్రి కలం గీరుతున్న చప్పుడు... ఆ వెనక పేర్లు... ఒక్కొక్కటిగా. మన పేరు వినపడి, నోరుజారి "హాజరు" అన్నామా — మళ్లీ ప్లమ్ పళ్లు కోతకొచ్చేలోపు ఆ పట్టీలోకి ఎక్కినట్టే. చర్చిలో గంట కొట్టే విన్సెంక్ వాళ్ల బాబాయి అలాగే పలికాడు, అలాగే పోయాడు. అప్పటికి ఆయనకి ఎనభై ఏడేళ్లనీ, ఆ వయసులో చెట్టెక్కి పడ్డాడనీ కొందరంటారు. అయినా పోయాడు కదా.

ఇక లిబోర్ సంగతి. ఈ ఏడు ఆ రాత్రి గడిచిన మర్నాడు మధ్యాహ్నం, బస్సు కోసం ఎదురుచూస్తూ అతను చెప్పినదాన్ని, విన్నది విన్నట్టు చెబుతున్నా.

ఏటా ఆ రోజుల్లో మా ఊళ్లో పాత యుద్ధాన్ని మళ్లీ ఆడతారు. చుట్టుపక్కల పట్నాల నుంచి నలభై ఒక్కమంది వస్తారు. ఆ కాలపు తెల్లకోట్లు తొడుక్కుని, డేరాలు వేసి, రెండు రాత్రులు గడ్డి మీద పడుకుని, ఉత్తి మందు కూరిన తుపాకులు పేల్చి, గూలాష్ అనే మాంసం పులుసు తిని, ఎవరి ఉద్యోగాలకి వాళ్లు పోతారు. కెప్టెన్ వేషం కట్టే హైనెక్‌కి మామూలు రోజుల్లో మాంసం కొట్టు. కార్పొరల్ వావ్రా ఇళ్లకి పెంకులు వేస్తాడు. లిబోర్‌కి బ్ర్నో పట్నం పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే పని.

అందరివీ సిపాయి వేషాలైతే లిబోర్‌ది గుమాస్తా వేషం. దానికో కారణముంది. తుపాకి పేలితే అతను కళ్లు మూసుకుంటాడు, అది తన తుపాకే అయినా సరే. చేరిన మొదటి ఏడు అలా కళ్లు మూసుకునే పేల్చి, పక్కనున్న వావ్రా టోపీ మీది ఈకలు తగలబెట్టాడు. తలకొచ్చింది తలపాగాతో పోయిందంటారే, అక్షరాలా అదే జరిగింది. ఆ రోజే తుపాకి లాక్కుని, పోయి ఏదైనా రాసుకోవయ్యా అన్నారు.

ఆ మాట వాళ్లు విసుక్కుని అన్నారు. లిబోర్ మనసుకి పట్టించుకున్నాడు. ఆరేళ్లలో అతను చెయ్యనిది లేదు. బాతు ఈకలు చెక్కి కలాలు చేసుకున్నాడు. ఓక్ చెట్ల మీది బుడిపెలు ఏరుకొచ్చి, తుప్పుమేకులతో నానబెట్టి, ఆ కాలపు సిరా కాచాడు. ఆ సిరాకో గుణముంది. రాసినప్పుడు బూడిదరంగులో ఉందా లేదా అన్నట్టుంటుంది, తెల్లారేసరికి కాటుకలా నల్లబడుతుంది. సెలవులన్నీ దస్తావేజుల కార్యాలయంలో గడిపి, ఇప్పుడెవరూ చదవలేని పాత జర్మన్ గొలుసుకట్టు రాత నేర్చాడు. చివరికి గడ్డిలో దొరికిన ఆ హాజరు పట్టీనే కనిపెట్టి, పేరు పేరునా చదివి, శుభ్రంగా నకలు రాసుకున్నాడు.

ఇంత చేసినా వాళ్ల దృష్టిలో అతను సిరాబుడ్డే. ఆ పేరు పెట్టింది వావ్రా. ఈకల కోపం ఊరికే పోతుందా?

రోజూ పొద్దున్నే డేరాల ముందు హాజరు పిలిచేది లిబోరే. నలభై పేర్లు పిలుస్తాడు, నలభై హాజర్లు వింటాడు. అతని పేరు ఎవరూ పిలవరు. పిలిచేవాణ్ని పిలిచేదెవరు? పైగా పట్టీలో అతని పేరే లేదు. గుమాస్తాకి మన పట్టీలో చోటు లేదయ్యా, ఏదో ఉంటున్నావు, ఉండు అని కెప్టెన్ ఏటా అంటాడు. లిబోర్ పైకి నవ్వేసేవాడు గానీ, లోపల మాత్రం అది ముల్లులా గుచ్చుకునేది. ఒక్కసారి, ఒక్క పొద్దున, ఎవరైనా తన పేరు గట్టిగా పిలిస్తే బాగుండునని అతని కోరిక.

ఈ ఏడు ఆ ఉన్న చోటుకి కూడా ఎసరొచ్చింది.

శనివారం రాత్రి అందరూ వంటపాకలో పొయ్యి చుట్టూ చేరారు. వండి పెట్టేది మా బ్లాజెనా పిన్ని. గూలాష్ అయిపోయి ప్లమ్ సారా తిరుగుతోంది. హైనెక్ మూతి తుడుచుకుని, ఎటో చూస్తూ మొదలుపెట్టాడు.

"చూడు లిబోర్, జనం వచ్చేది పేలుళ్లు చూడ్డానికి. నువ్వు బల్ల దగ్గర కూచుని గీకుతుంటే ఎవడు చూస్తాడు చెప్పు? వచ్చే ఏడు తుపాకి పట్టుకునే రా. లేదా పిన్ని దగ్గర గరిటె పట్టుకో."

"నాకొద్దు బాబూ," అంది బ్లాజెనా. "ఉల్లిపాయ కోస్తూ కూడా కళ్లు మూసుకుంటాడు."

అందరూ నవ్వారు.  తుపాకి తన వల్ల కాదని లిబోర్‌కి తెలుసు, వాళ్లకీ తెలుసు. అంటే ఇంక రావొద్దనే. ఏదో చెప్పి నిలబెట్టుకోవాలని, ఆ పాత పట్టీలో ఓ విచిత్రముంది, కింద మొత్తం అరవై నాలుగు అని ఉంది, పేర్లు లెక్కపెడితే... అని అందుకున్నాడు. అంతే, ఒకడికి కట్టెలు తేవాలని గుర్తొచ్చింది, ఇంకొకడికి గుర్రానికి నీళ్లు పెట్టాలని. లిబోర్ పరిశోధన మొదలుపెడితే ఆ పటాలానికి ఎప్పుడూ ఇలాగే పనులు గుర్తొస్తాయి.

వావ్రా మాత్రం కదల్లేదు. గడ్డం గోక్కుంటూ, ఇవాళ పద్దెనిమిది కదా అన్నాడు. సిరాబుడ్డిగారికి ఆ పట్టీ అంటే అంత ప్రాణం కదా, గిడ్డంగిలో కూచుని మొత్తం పిలిచి రమ్మందాం అన్నాడు. హైనెక్‌కి ఆ మాట సారా కంటే బాగా ఎక్కింది.

"సరే. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా, గట్టిగా పిలవాలి. మధ్యలో పారిపోకుండా వస్తే నువ్వే మా గుమాస్తావి, బతికినంత కాలం. రేపు పొద్దున పట్టీలో నీ పేరు రాసి, నేనే పిలుస్తా. పారిపోయావా, తుపాకే."

లిబోర్‌కి మిగతా మాటలేవీ వినపడలేదు. 'నేనే పిలుస్తా' అన్నది ఒక్కటే వినపడింది. లాంతరు, నకలు పట్టీ, కలం, సిరా తీసుకుని లేచాడు.

పొగమంచు మోకాళ్ల దాకా ఉంది. వాగు మీద చెక్కవంతెన కిర్రుమంది. గిడ్డంగి తలుపు సగం తెరిచే ఉంది... లోపల చీకటి, పావురాల రెట్ట వాసన, రాతి చలి.

బండి చక్రం మీద కూర్చున్నాడు. లాంతరు పక్కన పెట్టుకుని, మోకాళ్ల మీద పట్టీ పరుచుకుని, కలం సిరాలో ముంచాడు.  

"సిపాయి మార్టిన్ హోలుబ్."

చప్పుడు లేదు. లేడు అని రాసుకున్నాడు.

"సిపాయి యాకుబ్ క్రేచ్‌మర్."

లేడు.

"సిపాయి మాతేయ్ క్రూపా."

పై నుంచి... అటక మీంచి... ఎవరో మూలిగినట్టు —

"హా...జరు."

కలం జారి పెద్ద మరక పడింది. లిబోర్ ఒక కాలు అప్పుడే గుమ్మంలో ఉంది. ఎప్పుడు లేచాడో, ఎప్పుడు అక్కడిదాకా వచ్చాడో తెలియదు.  బయట పొగమంచు, దానికవతల వెచ్చటి వంటపాక... వచ్చే ఏడు చేతిలో తుపాకి. అక్కడ ఆగాడు. తుపాకి కంటే దయ్యమే నయం అనిపించింది. మెల్లగా వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"సిపాయి... వాత్స్లావ్ స్మేటానా."

"హాజరు..." ఇది వేరే గొంతు.

"సిపాయి ఓండ్రేయ్ బీలీ."

"హాజరు..."

రాస్తూ రాస్తూ లిబోర్ చెయ్యి ఆగింది. ఏదో తప్పుగా ఉంది. మూడేళ్లుగా ఈ పేర్లతోనే కాపరం చేస్తున్నాడు. సొంత పెదనాన్న పిల్లల పేర్లు తడుముకుంటాడు గానీ వీళ్లలో ఎవరి కాలికి పుండో, ఎవరి చెప్పులు అరిగాయో చెప్పగలడు. రెండు వరసలు పైకి వెళ్లి చూశాడు. భయం ఎటుపోయిందో, దాని చోట చిరాకు వచ్చి కూర్చుంది.

"మాతేయ్ క్రూపా," అన్నాడు పైకి చూసి. "నువ్వు తొమ్మిదో తారీఖు నుంచీ ఒలోమౌట్స్ ఆసుపత్రిలో ఉన్నావు. రక్తవిరేచనాలు. ఇక్కడెలా హాజరు పలుకుతావు?"

అటక మీద కొంచెం గుసగుస. ఆ తర్వాత ఒక దీనమైన గొంతు —

"నయమైంది..."

"డాక్టరు చీటీ ఏది?"

పైన ఎవరో ముక్కు మూసుకుని నవ్వాపుకోలేక పిల్లి తుమ్మినట్టు తుమ్మారు. దాంతోపాటే కిందికి ఒక వాసన కూడా దిగింది. దయ్యాలకి నానా వాసనలు ఉండొచ్చు గానీ, వెల్లుల్లి సాసేజి వాసనా ప్లమ్ సారా వాసనా ఉంటాయని లిబోర్ ఎక్కడా చదవలేదు. ఆ సాసేజి హైనెక్ కొట్టుదే. ఆ తుమ్ము వావ్రాది.

మొదట మనసు చివుక్కుమంది. తను ప్రాణాలు అరచేత పట్టుకుని వస్తే, వీళ్లు దగ్గరదారిన ముందే వచ్చి అటకెక్కారు. ఆ తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత... ఉత్తరాలు విడదీసేవాడికి సహజంగా ఉండే ఓపికతో ఒక ఆలోచన వచ్చింది. ఏమీ ఎరగనట్టు మళ్లీ పట్టీ అందుకున్నాడు.

తొందరపడలేదు. ఒకే గొంతుతో, ఒకే వేగంతో, పొద్దున డేరాల ముందు పిలిచినట్టే పిలుచుకుంటూ పోయాడు. ఇరవై... ముప్ఫై... యాభై. పైవాళ్లు మొదట్లో రాగాలు తీసి మూలిగారు. రానురాను మూలగడానికి బద్ధకమై, మామూలుగానే హాజరు, హాజరు అనసాగారు. చలికి నోళ్లు వాటంతటవే కదులుతున్నాయి. అరవై మూడో పేరు అయిపోయింది. లిబోర్ గొంతు మార్చకుండా, ఊపిరైనా తీసుకోకుండా తర్వాతి పేరు పిలిచాడు.

"కార్పొరల్ తోమాష్ వావ్రా."

"హాజరు!"

ఆరేళ్ల అలవాటు మరి. మడమలు చెక్క మీద టక్కున కొట్టుకున్న చప్పుడు కూడా వినపడింది.

అటక మీద గుసగుసలు మొదలయ్యాయి.

"ఎవర్రా... పలికింది?"

"నేనే... నా పేరే పిలిచాడు..."

"ఇవాళ పద్దెనిమిది రా తోమాష్..."

ఆ తర్వాత బయట, వెనకవైపు నిచ్చెన మీద బూట్ల చప్పుడు, ఎవరి భుజం మీదో ఎవరో పడ్డ చప్పుడు, వెనక గోడ పక్కన దురదగొండి పొదలో ఒకడు దొర్లిన చప్పుడు, వాగులో నీళ్ల చప్పుడు. వంతెన కోసం ఎవరూ ఆగలేదు. లిబోర్ పట్టీ గుండెలకి అదుముకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వాడు. నవ్వుతూ ఎంతమంది దిగారో లెక్కపెట్టలేదు. ఆరేళ్లలో ఆ గుమాస్తా లెక్క మరిచింది ఆ ఒక్కసారే.

నవ్వు ఆగాక లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. చివరి పేరు దాకా అన్నాడు కెప్టెన్. చివరి పేరు ఇంకా మిగిలే ఉంది.

పొయ్యి దగ్గర చెప్పబోయింది అదే. ఆ పట్టీ కింద మొత్తం అరవై నాలుగు అని ఉంది, పేర్లు మాత్రం అరవై మూడే. మూడేళ్లు తల బద్దలు కొట్టుకున్నాడు. చివరికి అదే పటాలం ఎక్కడో గడ్డి తీసుకున్నట్టు రాసిచ్చిన చీటీ ఒకటి దొరికింది. దాని మీద గుమాస్తా సంతకం ఉంది. అప్పుడు అర్థమైంది. అందర్నీ రాసి, మొత్తంలో తననీ కలుపుకుని, తన పేరు మాత్రం రాసుకోలేదు. ఎందుకంటే దాన్ని ఎవరూ పిలవలేదు. పిలవని పేరు పట్టీలో ఎలా రాస్తాడు?

ఆ మనిషి ఇక్కడే, ఈ చలిలో, కుదరని లెక్క ముందు కూర్చున్నాడు. లిబోర్‌కి అతని మీద ఎక్కడలేని జాలి వేసింది. కలం ముంచి, అరవై మూడో వరస కింద ఆ పేరు పొందిగ్గా రాశాడు. రాసి, మర్యాదగా లేచి నిలబడి పిలిచాడు.

"గుమాస్తా ప్రొకోప్ జావ్రెల్."

అటక మీద, అన్నిటికంటే వెనక మూల నుంచి, చాలాసేపు కూర్చుని లేచినవాడిలా ఒక బొంగురు గొంతు —

"హాజరు."

హైనెక్ ఇంకా పైనే ఉన్నాడన్నమాట, అనుకున్నాడు లిబోర్. కెప్టెన్ కదా, పారిపోవడానికి సిగ్గేసి ఉంటుంది. నవ్వుకుంటూ హాజరు అని వేశాడు. కింద గీత గీసి, అరవై నాలుగు అని రాశాడు. లెక్క కుదిరింది అని పైకే అన్నాడు.

పైన ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు. ఆ తర్వాత అదే గొంతు, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి —

"గుమాస్తా... లిబోర్... షెబెస్తా."

 రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే మాట నిలబెట్టుకున్నాడు కెప్టెన్, అనుకున్నాడు లిబోర్. హోదాతో, ఇంటిపేరుతో, పూర్తిగా పిలిచాడు. ఆరేళ్లలో మొదటిసారి. లిబోర్ మడమలు కలిపి, ఛాతీ విరిచి, రెండు కళ్లూ బాగా తెరిచి, గిడ్డంగి మారుమోగేలా అన్నాడు.

"హాజరు!"

పై నుంచి దిగుతాడేమోనని కాసేపు చూశాడు. ఎవరూ దిగలేదు. సిగ్గుపడుతున్నాడులే అని లాంతరు తీసుకుని వచ్చేశాడు. పట్టీ సంచిలో పెట్టి, సంచి తల కింద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు.

పొద్దున వంటపాకలో ఆరుగురు వరసగా కూర్చుని ఉన్నారు. ఒక్కడి కంట్లోనూ నిద్రపోయిన జాడ లేదు. వావ్రా మొహం దురదగొండికి గుమ్మడికాయలా ఉబ్బింది, ముందున్న రొట్టె ముట్టలేదు. పళ్ల కోతకి ఎన్ని నెలలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. లిబోర్ లోపలికి రాగానే హైనెక్ దగ్గి, పటాలం పట్టీ ముందుకి లాక్కుని, పెన్ను తీశాడు.

"మాటంటే మాటే. నువ్వే మా గుమాస్తావి. ఇంటిపేరు చెప్పు, రాస్తా."

లిబోర్ నవ్వాడు. రాత్రి అంత చక్కగా పిలిచి, ఇప్పుడు మళ్లీ అడుగుతారేంటి అన్నాడు. అందరూ పోయాక మీరొక్కరే ఉండి పిలిచారు చూడండి, అది బతికినంత కాలం మరిచిపోను అన్నాడు.

హైనెక్ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది.

"నేను పిలవడమేంటి? వావ్రా పలికిన మరుక్షణం ఆరుగురం ఇక్కడున్నాం."

"ఆరుగురూ ఉన్నారు," అంది బ్లాజెనా పొయ్యి దగ్గర్నుంచి. "ఆరు గ్లాసులు పోసింది నేనే."

"అసలు నీ ఇంటిపేరేంటో నాకు తెలీదు లిబోర్," అన్నాడు హైనెక్. కొంచెం సిగ్గుపడుతూనే అన్నాడు. "ఆరేళ్లలో ఎప్పుడూ అడగలేదు."

 లిబోర్ సంచి విప్పి, పట్టీ తీసి, బల్ల మీద పరిచాడు. రాత్రి బూడిదరంగులో రాసినవన్నీ తెల్లారేసరికి నల్లగా తేలాయి. మార్టిన్ హోలుబ్ నుంచి ప్రొకోప్ జావ్రెల్ దాకా, అరవై నాలుగు. కింద అతను గీసిన గీత, అతను వేసిన మొత్తం.

ఆ గీత కింద ఇంకో వరస ఉంది. పాత జర్మన్ గొలుసుకట్టు, ఎక్కడా కలం ఎత్తని రాత. లిబోర్‌ది కాదు.

వావ్రా మెడ చాచాడు గానీ, ఆ రాత చదవగలిగినవాడు ఆ పటాలం మొత్తానికి ఒక్కడే. వావ్రా పెదాలు తడుపుకున్నాడు.

"అందులో... నా పేరుందా?"

లిబోర్ ఆ వరసని ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. షెబెస్తా లిబోర్, గుమాస్తా, కొత్తగా చేరాడు, హాజరు. వావ్రా ఉబ్బిన మొహం వంక తీరిగ్గా చూశాడు.

"సిరాబుడ్డి అని ఇంకోసారి అనకుండా ఉంటే, పళ్లు కోతకొచ్చే ముందు చెబుతా," అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, పట్టీ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. ఆ చివరి వరస ఇంకా బూడిదరంగులోనే ఉంది. అతను చూస్తుండగానే, మొదటి అక్షరం నుంచి మెల్లగా నల్లబడుతోంది.